తక్కువ ఖర్చులో ప్రొటీన్ – 3వ పాఠం: పది గ్రాములు ఎంతకు పడుతున్నాయి?

పోయిన పాఠంలో ఎవరి బరువును బట్టి వాళ్ళు రోజుకు ఎంత ప్రొటీన్ కావాలో లెక్క కట్టుకున్నారు. మామూలు మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. బరువులెత్తి కండ పెంచుకునేవాళ్ళు 1.6 గ్రాములు పెట్టుకుంటే మంచిదని మనం అనుకున్నాం. 60 కిలోల కుర్రాడికి అది 96 గ్రాములు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరును అడగకుండా ఈ లెక్కలోకి దిగొద్దు.

ఇవాళ ఆ 96 గ్రాములు కొనడం నేర్చుకుందాం. నోటు పుస్తకం తీయండి.

ముందు పప్పు సంగతి. తణుకులో జిమ్‌లో చేరిన కొత్తలో, రోజూ రెండు పూటలా పప్పు తింటున్నాను కదా, ప్రొటీన్‌కు లోటేమిటి అనుకునేవాణ్ణి. కందిపప్పులో 100 గ్రాములకు 22 గ్రాముల ప్రొటీన్ ఉంటుందని చదివి, గిన్నెడు పప్పుకు 22 వేసేసుకున్నాను. ఆరు నెలలైనా బలం పెరగలేదు. ఒకరోజు అమ్మ పప్పు పొయ్యి మీద పెడుతుంటే తూకం వేశాను. నలుగురికీ కలిపి 150 గ్రాములు! అంటే మొత్తం 33 గ్రాముల ప్రొటీన్, నా వాటాకు 8. పప్పుచారు పెట్టిన రోజున అందులో సగం కూడా ఉండదు. "కాస్త గట్టిగా వండొచ్చుగా అమ్మా" అంటే, "నలుగురికీ సరిపోవాలి కదరా" అంది. ఆమె మాటా నిజమే. ఇంటి గిన్నె ఇంటిల్లిపాదిదీ. మన అదనపు ప్రొటీన్ మనమే విడిగా చూసుకోవాలి.

అందుకే ఈ పాఠంలో మొదటి సూత్రం: ఎప్పుడూ వండకముందు తూకమే రాయండి. పప్పు ఉడికితే నీళ్ళు తాగి బరువెక్కుతుంది, ప్రొటీన్ మాత్రం పెరగదు. 22 అనే అంకె పచ్చిపప్పుది.

రెండోది ధర. కిలో ధరను, ఆ కిలోలో ఉన్న ప్రొటీన్ గ్రాములతో భాగించి 10తో గుణించండి. పది గ్రాముల ప్రొటీన్ ఎంతకు పడుతోందో తేలుతుంది. కిందివన్నీ లెక్క కోసం అనుకున్న ధరలు, మీ కొట్లో అడిగి మార్చుకోండి.

కందిపప్పు కిలో 140 రూపాయలు అనుకుందాం. కిలోలో 220 గ్రాముల ప్రొటీన్. పది గ్రాములు 6 రూపాయల 40 పైసలకు వచ్చాయి. పెసలు కిలో 120, అందులో 240 గ్రాములు: 5 రూపాయలు. గుడ్డు 7 రూపాయలు, ఒక్కోదానిలో 6 గ్రాములు: సుమారు 12 రూపాయలు. గేదె పాలు లీటరు 70, అందులో 38 గ్రాములు: 18 రూపాయలకు పైనే. జిమ్‌లో అందరూ చెప్పే వే ప్రొటీన్ (పాల విరుగుడు నీళ్ళ నుంచి తీసే పొడి) డబ్బా కిలో 2500 అయితే, అందులో 750 గ్రాములున్నా 33 రూపాయలు పడుతుంది. నా మొదటి జీతంలో పెద్ద ముక్క ఆ డబ్బాకే పోయింది. డబ్బా చెడ్డది కాదు. కానీ ఇంట్లో పప్పు పల్చగా కాస్తూ డబ్బా కొనడం తప్పు.

ఇక మీల్ మేకర్. కిలో 160 అనుకుంటే అందులో 520 గ్రాముల ప్రొటీన్, పది గ్రాములకు 3 రూపాయలు. దీని దరిదాపుల్లోకి ఏదీ రాదు. చాలామంది ఆ వాసన పడక మానేస్తారు. అది వండే తీరులో లోపం. ఉప్పు వేసిన మరుగునీళ్ళలో ఐదు నిమిషాలు ఉంచి గట్టిగా పిండండి, చన్నీళ్ళలో కడిగి మళ్ళీ పిండండి. ఆ తర్వాతే గోంగూరలోనో, అల్లం వెల్లుల్లి మసాలాలోనో వేసి మగ్గనివ్వండి. పిండకుండా వేస్తే పులుసు లోపలికి పోదు, స్పాంజి నమిలినట్టుంటుంది. మొదటి వారం 20 గ్రాములతో మొదలుపెట్టి, కడుపు అలవాటు పడ్డాక 40కి వెళ్ళండి.

ధర ఒక్కటే చూసినా మోసపోతాం. కిలో 55 రూపాయల బియ్యంలో 75 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది, పది గ్రాములు 7 రూపాయలకే! కానీ ఆ పది గ్రాముల కోసం 130 గ్రాములకు పైగా బియ్యం వండుకోవాలి, దాదాపు 460 కేలరీలు. వేరుశెనగ గుళ్ళదీ ఇదే కథ: 100 గ్రాముల్లో 25 గ్రాముల ప్రొటీన్‌తో పాటు సగం నూనే. గుప్పెడు చాలు. కోనసీమ వాళ్ళకు ఇంకో మాట: పచ్చికొబ్బరిలో ప్రొటీన్ 100 గ్రాములకు మూడు మాత్రమే. రుచికి వేసుకోండి, లెక్కలో వేసుకోకండి.

అన్నం పప్పుతో కలిస్తే మాత్రం దాని విలువ పెరుగుతుంది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. వాటిలో లైసీన్ బియ్యంలో తక్కువ, మెథియోనిన్ పప్పులో తక్కువ. ఒకదాని లోటు ఇంకోటి పూడుస్తుంది. ముద్దపప్పు అన్నం మన పెద్దలు ఊరికే పెట్టలేదు.

చేపలకు తరుగు తీసెయ్యండి. భీమవరం, ఆకివీడు చెరువుల శీలావతి, బొచ్చె కిలో కొంటే, తల, పొలుసు, పొట్ట పోగా 600 గ్రాముల కండ మిగులుతుంది, అందులో 100 గ్రాముల ప్రొటీన్. కిలో 180 అయితే పది గ్రాములకు 18 రూపాయలు. ఎముకలతో కొన్న కోడిమాంసం కూడా ఇంచుమించు అంతే. కందనకాయలు మీ దుకాణంలో మాంసం కన్నా చౌకైతే వదలొద్దు. కార్జం వారానికి ఒకసారి చాలు, దానిలో విటమిన్ ఎ మరీ ఎక్కువ. పులస జోలికి ఈ పాఠంలో వెళ్ళం.

ఇప్పుడు 60 కిలోల కుర్రాడి రోజు కట్టి చూద్దాం. పొద్దున్న 60 గ్రాముల పెసలతో రెండు పెసరట్లు, రెండు ఉడికిన గుడ్లు: 26 గ్రాములు. మధ్యాహ్నం 150 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల కందిపప్పుతో తన వాటా ముద్దపప్పు, 200 గ్రాముల పెరుగు: 27. జిమ్ నుంచి వచ్చాక 40 గ్రాముల నానబెట్టి ఉడికించిన శెనగలు, గ్లాసు పాలు: 15. రాత్రి 100 గ్రాముల బియ్యపు అన్నం, 40 గ్రాముల మీల్ మేకర్ కూర: 28. మొత్తం 96. పై ధరల్లో నూనె, మసాలా కాక రోజుకు 80 రూపాయలు, అందులో సగానికి పైగా గుడ్లకూ పాలకూ పెరుగుకే. మేడ మీద గది తీసుకుని వండుకునేవాడికైనా ఇది అయ్యే పనే, ఒక్క కుక్కరుంటే.

ఈ వారం అభ్యాసం: మీ కొట్లో ఆరు సరుకుల ధర రాసుకోండి, పది గ్రాముల ధర కట్టండి, చౌక నుంచి ఖరీదుకు వరస పెట్టండి. రెండు రోజుల పాటు మీరు తిన్న ప్రతిదాన్నీ వండకముందు తూకంతో రాయండి. తూకం మిషన్ లేకపోతే, కొట్లో 100 గ్రాముల పప్పు కట్టించుకుని ఇంటి గ్లాసులో పోసి గీత పెట్టుకోండి, ఇక అదే మీ కొలత. ఆ కాగితం దగ్గర పెట్టుకుని నాలుగో పాఠానికి రండి. దాని మీదే నెల సరుకుల చీటీ రాద్దాం.