మడమ టెండన్ ఆపరేషన్ తర్వాత మా కుక్క నడక: నా అనుభవం

ఎజిలిటీ (అడ్డంకులు దాటే) పోటీల్లో పరిగెత్తే మా బోర్డర్ కోలీకి వెనుక కాలి అకిలిస్ టెండన్ (పిక్క కండరాలను మడమకు కలిపే గట్టి తాడులాంటి భాగం) కొంతమేర తెగినప్పుడు మడమ కిందికి జారి, వేళ్లను వంచే టెండన్ మాత్రం మిగలడం వల్ల వేళ్లు గుప్పిటలా ముడుచుకుపోయాయి. కుట్లు వేసి, 8 వారాల తర్వాత కట్టు తీశాక నూనె మర్దన, పూర్తి విశ్రాంతి, ఇంట్లో స్వేచ్ఛగా వదలడం, ఏవీ ఫలించలేదు. మడమ మళ్లీ కొద్దిగా కుంగింది.

పనిచేసినది కాలికిచ్చే ఆధారాన్ని ఒక్కసారిగా కాక, మెల్లమెల్లగా తగ్గించడమే. ముందుగా డాక్టరు సలహాతో కీలున్న బ్రేసు తొడిగి, మడమ వంగే కోణాన్ని రెండు వారాలకొకసారి కొంచెం సడలించాము. ఆపై చేత్తో పట్టుకునే పొట్టి తాడుతో (లీష్) రోజుకు మూడుసార్లు, 5 నిమిషాలే, గోళ్లు నేలను గీరే చప్పుడు వినిపించనంత నిదానంగా నడిపించి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచాము. ప్రతి ఉదయం రెండు మడమల ఎత్తును పోల్చి, కాస్త తగ్గినా ఆ వారం పెంపు ఆపేశాము.

పూర్తిగా తెగిన టెండన్‌కు ఇదే వేగం సరిపోతుందని నేను చెప్పలేను. మాది ఇంకా దూకడం మొదలుపెట్టలేదు.