దుండిగల్ వైమానిక అకాడమీ చరిత్ర రాయబోయేవారికి

సైనిక వైమానిక స్థావరానికీ, అందులో నడిచే శిక్షణ కళాశాలకూ చరిత్ర ఒక్కటే అనుకొని రాయడం మొదలుపెట్టినవారు తొలి పేజీలోనే తేదీల దగ్గర చిక్కుపడతారు. ఇంగ్లండులోని క్రాన్‌వెల్ స్థావరం 1916లో నౌకాదళ వైమానికుల శిక్షణ కేంద్రంగా ఆరంభమైతే, అక్కడ వైమానిక దళ కళాశాల వెలిసింది 1920లో. మన దేశం నుంచి తొలి క్యాడెట్లు 1930లో వెళ్లి చేరింది ఆ కళాశాలలోనే. కాబట్టి మన వైమానిక దళ అధికారులకు శిక్షణ ఇచ్చే దుండిగల్ అకాడమీ గురించి రాసేవారు కూడా నేల, విద్యాలయం, విమానాలు అనే మూడింటి వివరాలను మొదట వేర్వేరుగా రాసుకొని, ఆ తర్వాతే ఒకచోట చేర్చడం మేలు.

స్థాపన సంవత్సరంతోనే పని మొదలుపెట్టండి. రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసింది 1967 అక్టోబర్ 11న. అకాడమీ ఏర్పడిన ఏడాదిగా చెప్పేది 1969. పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలైంది 1971లో. ఈ మూడూ సరైనవే. ‘ప్రారంభమైంది’ అని ఊరుకోకుండా, ఆ ఏడాది జరిగినదేమిటో చెప్పాలి. అంతకుముందు జోధ్‌పూర్, అలహాబాద్ వంటి చోట్ల జరిగిన శిక్షణను పూర్వరంగంగా ఒక పేరాలో చెబితే చాలు. బేగంపేట, హకీంపేట, దుండిగల్ వైమానిక స్థావరాలు మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలవే కావడంతో పాత వార్తల్లో ‘హైదరాబాద్ స్థావరం’ అన్నది వీటిలో దేన్ని గురించో ప్రతిసారీ తేల్చుకోవాలి.

నా దృష్టిలో అందరూ వదిలేసేదీ, అన్నిటికంటే విలువైనదీ నేల కథే. దుండిగల్ ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో ఉన్నా, ఆ జిల్లా 2016లో ఏర్పడింది. దానికి ముందు రంగారెడ్డి జిల్లా, అదీ 1978లో పుట్టిందే. కాబట్టి భూసేకరణ నాటి కాగితాల కోసం పాత హైదరాబాద్ జిల్లా పేరుతోనే వెతకాలి. అప్పటి గెజిట్ ప్రకటనలు, పహాణీలు (ఏ పొలం ఎవరిదో, ఏం పండిందో రాసే రెవెన్యూ రికార్డులు), గ్రామ నక్షా పక్కపక్కన పెట్టుకొని సర్వే నంబర్లు సరిచూస్తే ఏ పొలాలు స్థావరంలో కలిశాయో తేలుతుంది. ఆ జాబితా చేతిలో ఉంచుకొని ఊరి పెద్దలను కలవండి. ‘అప్పట్లో ఎలా ఉండేదండీ?’ అని అడగడం కంటే, ఫలానా నంబరు పొలంలో బావి ఎక్కడుండేదో, ఏం పండేదో అడిగితే మాట కదులుతుంది.

పట్టభద్రుల పరేడ్ వార్తలు చదివేటప్పుడు అంకెలతో జాగ్రత్త. కవాతు చేసినవారందరూ పైలట్లు కారు. విమానం నడపని గ్రౌండ్ డ్యూటీ శాఖల అధికారులూ వారిలో ఉంటారు. నౌకాదళం, తీర రక్షక దళం నుంచి వచ్చి శిక్షణ పొందినవారికి అదే వేదికపై వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) ఇస్తారు గానీ, వైమానిక దళ కమిషన్ (అధికారి హోదా) ఇవ్వరు. 2016 జూన్ 18న అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా కమిషన్ పొందింది దుండిగల్‌లోనే అయినా, కిరణ్ జెట్లపై వారు శిక్షణ పొందింది హకీంపేటలో, ఆపై హాక్ విమానాలపై బీదర్‌లో. ముగ్గురినీ ‘దుండిగల్ తయారుచేసింది’ అని రాస్తే మిగతా రెండు స్థావరాలకూ అన్యాయం చేసినట్టే.

విమానాల కథలో ప్రమాదాలను దాటవేయకూడదు. 2009లో ఇద్దరు శిక్షకులు మరణించిన ప్రమాదం తర్వాతే తొలి దశ శిక్షణకు వాడిన హెచ్‌పీటీ–32 దీపక్ విమానాలను పక్కనపెట్టారు. ఆ లోటు తీర్చడానికి స్విట్జర్లాండ్ నుంచి తెప్పించిన పిలాటస్ పీసీ–7 మార్క్–2 విమానాలు 2013లో దుండిగల్‌లోనే దళంలో చేరాయి. ఈ కార్యకారణ సంబంధం చెప్పకపోతే విమానాల పేర్లు ఉత్త పట్టికగా మిగిలిపోతాయి.

పాత రక్షణ దస్త్రాల కోసం ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలో వెతకవచ్చు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టేటప్పుడు ‘అకాడమీ వివరాలన్నీ’ అని రాస్తే తిరస్కరించడం సులువు. శంకుస్థాపన నాటి ప్రసంగ పాఠం వంటి ఒక్కొక్క కాగితాన్నే అడగండి. నేటి రన్‌వే, భద్రతా ఏర్పాట్ల జోలికి పోవద్దు, అనుమతి లేకుండా ప్రహరీ దగ్గర ఫోటోలు తీయవద్దు.