గడియ పడకముందే

లైంగిక వృత్తిలో ఉన్న ఆడవాళ్ల కోసం రాసిందిది. శ్రీకాకుళం లాడ్జిల్లో పనిచేసినా, ఇంటి నుంచి ఫోన్ మీద నడిపినా, రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా హైవే మీద తిరిగినా, భద్రత సగం గది గడియ పడకముందే తేలిపోతుంది. డబ్బెంత, ఎంతసేపు, ఏది కుదరదు, కండోమ్ తప్పదు అన్నవన్నీ బయటే మాట్లాడుకోండి. ఒప్పుకోనివాడిని అక్కడే వదిలేసి రావచ్చు. మంచం దగ్గర మొదలైన బేరంలో పైచేయి అతనిదే.

డబ్బు ముందే తీసుకోవాలి. ఫోన్‌లో పంపానని అతని స్క్రీన్ చూపిస్తే నమ్మొద్దు. మీ ఖాతాలో పడిందో లేదో మీ ఫోన్‌లోనే చూసుకోండి. యూపీఐలో ఇంకో చిక్కుంది. ఖాతా మీదున్న అసలు పేరు అతనికి కనబడిపోతుంది, రేపు బెదిరించడానికి అదే చాలు. నోట్లే మేలు.

గదిలోకి వెళ్లగానే బాత్రూమ్‌లో, తలుపు వెనక ఇంకెవరైనా ఉన్నారేమో చూడండి. ఒక్కడని చెప్పి ఇద్దరుంటే అప్పుడే వెనక్కి తిరగండి. గడియ మీ చేతికి సులువుగా వస్తుందో లేదో ఒకసారి తీసి చూడండి. అతని ఫోన్ ఎక్కడైనా నిలబెట్టి ఉంటే బోర్లా పెట్టించండి. చున్నీ, పొడవాటి గొలుసు ముందే తీసేయాలి, గొంతు బిగించడానికి అవే దొరుకుతాయి. మూత మీ ఎదుట తీయని సీసాలోది మంచినీళ్లయినా తాగొద్దు. మందు తాగాక కండోమ్ సంగతి మరిచిపోయేది అతనొక్కడే కాదు.

తోటి మనిషి ఒకరికి మీరెక్కడున్నారో తెలియాలి. వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ 15 నిమిషాలకో, గంటకో, 8 గంటలకో పెట్టుకోవచ్చు. రాత్రి పనికి 8 గంటలది పెట్టండి. ఒక గుర్తుమాట అనుకోండి. ‘పాపకి జ్వరం తగ్గిందా?’ అని మీరు అడిగితే ‘బేగి రా’ అని అర్థం. చెప్పిన టైముకి ఫోన్ ఎత్తకపోతే ఆమె ముందు లాడ్జి కౌంటర్‌కి, ఆ వెంటనే 112కి చేయాలి. లారీ విషయానికొస్తే, క్యాబిన్‌లో డ్రైవర్‌తో పాటు క్లీనర్ కూడా ఉంటాడు, అంటే ఇద్దరు. నంబరు ప్లేటు ఫోటో పంపకుండా ఎక్కొద్దు. బండి కదిలితే దిగే చోటు మీ చేతిలో ఉండదు, ఆగి ఉన్న బండే నయం.

ఇక కండోమ్. చిరిగిపోయేది ఎక్కువగా సరుకు బాగోక కాదు, వాడకంలో తప్పు వల్ల. ప్యాకెట్ మీద తేదీ చూసి, వేలితో నొక్కితే లోపల గాలి తగలాలి. జాకెట్‌లోనో, ఎండలో ఆగిన ఆటోలోనో రోజుల తరబడి ఉంచితే వేడికి రబ్బరు పాడవుతుంది. పళ్లతో చింపొద్దు. కొన నొక్కి గాలి తీసేసి మొదలు దాకా విప్పాలి. తిరగేసి పెట్టారని తెలిస్తే అదే మళ్లీ తిప్పి వాడొద్దు, అప్పటికే దానికి తడి అంటి ఉంటుంది. కొత్తది తీయండి. రెండు కలిపి తొడిగితే భద్రం అనుకుంటారు గానీ ఒకదానికొకటి రాసుకుని రెండూ పోతాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు కొబ్బరినూనె, వాజ్‌లైన్. నూనె తగిలిన రబ్బరు నిమిషాల్లో బలం పోగొట్టుకుంటుంది. నీళ్లతో చేసిన జెల్లీయే వాడండి. అది లేక ఎండిపోయినా చిరుగుతుంది. పనయ్యాక మెత్తబడకముందే మొదలు పట్టుకుని బయటకు తీయించాలి.

చిరిగిందా? మూత్రానికి వెళ్లి, పైన మామూలు నీళ్లతో కడుక్కోండి. లోపలికి డెటాల్, సబ్బు, నిమ్మరసం పెట్టొద్దు. లోపలి పొర పుండై జబ్బుకి దారి ఇస్తుంది. ఆ తర్వాత గడియారం చూడండి. హెచ్‌ఐవీ సోకకుండా ఆపే ‘పెప్’ మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి. గంటల్లో మొదలైతే ఇంకా మంచిది, తెల్లారనిద్దాం అనుకోవద్దు. జనం ఇంకా రిమ్స్ అనే జిల్లా సర్వజన ఆసుపత్రిలో పగలు హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో, రాత్రయితే అత్యవసర కేసులు చూసే క్యాజువాలిటీలో ‘పెప్ కావాలి’ అని పేరు పెట్టి అడగండి. 28 రోజులు ఒక్క పూటా మానకూడదు. వికారంగా ఉందని పదో రోజున ఆపేస్తేనే అసలు నష్టం. గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర వేరు, 1.5 మిల్లీగ్రాములది, అదీ 72 గంటల్లోపే. రెండు గంటల్లో వాంతయితే ఇంకొకటి వేసుకోవాలి. నెలనెలా దాని మీద ఆధారపడొద్దు, మూడు నెలలకోసారి ఇచ్చే అంతర ఇంజెక్షన్ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ఈ రెండిటిలో ఏదీ జబ్బుల్ని ఆపదు.

ఒంట్లో బాగున్నా మూడు నెలలకోసారి సురక్ష క్లినిక్‌లో, అంటే ప్రభుత్వ సుఖవ్యాధుల క్లినిక్‌లో చూపించుకుని, ఆరు నెలలకోసారి హెచ్‌ఐవీ, సిఫిలిస్ రక్తపరీక్ష చేయించుకోండి. సిఫిలిస్ పుండు నొప్పి పెట్టదు, కొన్ని వారాల్లో తనంతట తానే మానిపోతుంది, జబ్బు మాత్రం లోపలే ఉంటుంది. వీధిలో ఆర్‌ఎంపీ ఇచ్చిన రెండు బిళ్లలతో మానిందని సంబరపడేది ఇక్కడే. దానికి వేసేది 24 లక్షల యూనిట్ల పెన్సిలిన్ ఇంజెక్షన్. గతంలో పెన్సిలిన్ పడకపోతే వేయకముందే చెప్పాలి. తెల్లబట్ట వాసన వచ్చినా, పొత్తికడుపు నొప్పితో జ్వరం వచ్చినా ఆగొద్దు. నెలసరిలో లోపల పెట్టిన దూది మరిచిపోవడం కూడా ఒక కారణం, లెక్క చూసుకోండి. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, మొదటిది వేసిన నెలకి రెండోది, ఆరు నెలలకి మూడోది. క్లినిక్ అడ్రస్ తెలియకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయండి, ఉచితం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీ ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు.

బలవంతం జరిగితే ‘ఈ పని చేసేదానికి అత్యాచారమేమిటి’ అన్న మాట చెల్లదు. స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి వెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో తడికి ఆధారాలు పాడవుతాయి. ఎఫ్‌ఐఆర్ లేకపోయినా వైద్యం చేయాల్సిందే. ఇలాంటి వారికి వెంటనే వైద్యసాయం అందాలనీ, కండోమ్‌ని నేరానికి సాక్ష్యంగా చూపకూడదనీ సుప్రీంకోర్టు 2022 మే 19న ఆదేశించింది. అయితే బస్టాండులో, గుడి పక్కన నిలబడి పిలవడం 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కింద ఇప్పటికీ నేరమే, కేసు అక్కడే పడుతుంది. పోలీసులు పట్టుకుంటే వాదించొద్దు, చదివి వినిపించని కాగితం మీద వేలిముద్ర వేయొద్దు, 15100కి ఫోన్ చేసి ఉచిత లాయర్‌ని అడగండి.