ఊళ్లో సోలార్ సర్వే: ఎవర్ని అడగాలి, ఏమని అడగాలి

“సోలార్ మంచిదేనా?” అని అడిగితే నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఎవరైనా మంచిదే అంటారు. ఆ జవాబు దేనికీ పనికిరాదు. ముందు కరెంటు బిల్లు చూపించమనండి. గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడి సున్నా బిల్లు తీసుకునే ఇంటికి డాబా మీద ప్యానెళ్లు దేనికి? 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చినా మిగతాది అప్పోసప్పో చేసి కట్టాలి. అందుకే సున్నా బిల్లు ఇళ్ల జవాబులు, బిల్లు కట్టే ఇళ్ల జవాబులు వేర్వేరుగా రాసుకోండి.

ఇళ్లను పంచాయతీలోని ఇంటిపన్ను రిజిస్టర్ నుంచి ఎంచండి. 300 ఇళ్లుంటే ప్రతి ఏడో ఇల్లు. పొద్దుగూకినాక వెళ్లండి, పగలు అంతా చేన్లలో ఉంటారు. సర్పంచ్‌ను వెంటబెట్టుకుపోతే ఆయనకు నచ్చే మాటే వినబడుతుంది.

రిజిస్టర్ చూసి గుర్తుపట్టలేనివాళ్లే అసలు ముఖ్యం: కౌలు రైతులు, గొర్ల కాపరులు. రైతుల కోసం కేంద్రం పెట్టిన సోలార్ పథకం పీఎం కుసుమ్‌లో రైతు భూమిలో పెట్టే ప్లాంటు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ఉంటుంది. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు, ఒప్పందం 25 ఏళ్లు. పట్నంలో ఉండే పట్టాదారు సరేనంటే కౌలుదారుకు చేను పోతుంది, గొర్లకు బీడు పోతుంది. వీళ్లను కనీసం ఐదుగురు చొప్పున అదనంగా కలవండి. “కంచె పడితే మీ బాట ఎటు?” అని అడిగి చూడండి, జవాబు టకటకా వస్తుంది.

బోరు మోటర్ల దగ్గరే సర్వేలు బోల్తా పడతాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. సోలార్ మాటెత్తగానే “మోటర్లకు మీటర్లు పెడతరా ఏంది?” అంటారు. దీన్ని “వ్యతిరేకం” గడిలో వేయకండి, “మీటరు భయం” అని వేరే గడి గీయండి. ఫీడర్ (మోటర్లకు కరెంటు తెచ్చే లైను) మొత్తాన్ని సోలార్‌కు మారిస్తే రైతు మోటరు, స్టార్టరు మార్చే పని లేదని చెప్పి, సోలార్‌కు ఒప్పుకుంటారా అని మళ్లీ అడగండి. రెండు జవాబులూ రాయండి; రెండోది మీరు చెప్పాక వచ్చిందని పక్కన గుర్తు పెట్టండి. రాత్రి కరెంటు కోసం బాయికాడ పండుకున్న పెద్దవాళ్లు పగటి కరెంటు అనగానే మెత్తబడతారు. కుర్రాళ్లకు ఆ తిప్పలు తెలియవు, కాబట్టి వయసు తప్పక రాయాలి.

ప్యానెళ్లు ఇప్పటికే ఉన్న ఇంట్లో ఆడవాళ్లను వేరుగా అడగండి: ఎవరు కడుగుతున్నారు, ఏ నీళ్లతో? ఉప్పు బోరు నీళ్లతో కడిగి ఆరనిస్తే అద్దం మీద తెల్లటి పొర కడుతుంది. కోతులు వైర్లు పీకుతున్నాయా, పీకితే బాగుచేసేవాడు ఎన్నాళ్లకు వచ్చాడు? పక్కింటివాళ్లు సోలార్ వద్దన్నారంటే, ముందు ఈ ఇంటి డాబా ఎక్కి చూడండి.