తీపీ పొగా ఉన్న చికెన్ టాకోలు: ఏది చెడింది, ఎందుకు చెడింది, ఎలా సరిచెయ్యాలి

టాకో అంటే చిన్న మెక్సికన్ రొట్టెలో కూర పెట్టి మడిచి తినేది. అమెరికాలో టాకోల వారం మంగళవారం. మా ఇంట్లో మంగళవారం ఆంజనేయస్వామిది, ఆ రోజు అత్తగారు వంటింట్లోకి కోడిని రానివ్వరు. అందుకని డాలస్ వచ్చిన దగ్గర్నుంచీ మా టాకోలు బుధవారం రాత్రికి జరిగాయి. ఆరింటికి ఇల్లు చేరి ఏడుంపావుకల్లా పిల్లల ముందు పళ్లెం పెట్టాలి. ఆ హడావుడిలో చెడగలిగినవన్నీ ఒక్కొక్కటిగా చెడ్డాకే ఈ చిట్టా తయారైంది.

కూరైతే అన్నీ వేసి మూత పెడితే దానంతటదే సర్దుకుంటుంది. ఈ వంట అలా కాదు, దీనికి వరస ముఖ్యం. పొగ రుచి నూనెలో పడాలి, తీపి చివర్లో పడాలి, పులుపు పొయ్యి ఆపాక పడాలి. కింద రాసిన తప్పుల్లో సగం ఈ వరస తప్పినందువల్ల వచ్చేవే.

కొలతలు చెప్పేస్తాను, లేకపోతే మిగతాది అర్థం కాదు. నలుగురికి ఎముకలూ తోలూ లేని కోడి తొడ ముక్కలు 700 గ్రాములు, 15 సెంటీమీటర్ల మొక్కజొన్న టోర్టియాలు, అంటే ఆ మెక్సికన్ రొట్టెలు, 12. కోడికి ఒకటింపావు టీస్పూన్ ఉప్పు, ఒక టీస్పూన్ జీలకర్ర పొడి పట్టించి వేడి పెనం మీద ఒకవైపు 5 నిమిషాలు, రెండోవైపు 4 నిమిషాలు కాల్చి పక్కన పెట్టాలి. అదే పెనంలో ఒక ఉల్లిపాయ, మూడు వెల్లుల్లి రెబ్బలు తరిగి వేయించి, సెగ తగ్గించి రెండు టీస్పూన్ల స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన ఎర్ర మిరప పొడి), డబ్బాలోని చిపోట్లే (పొగలో ఎండబెట్టిన) మిరపకాయలు రెండు నూరి, రెండు టమాటాలు వేసి దగ్గరపడనివ్వాలి. కోడిని సన్నగా తరిగి అందులో వేసి, ఒకటిన్నర టేబుల్‌స్పూన్ల బెల్లం తురుము కలిపి రెండు నిమిషాలు ఉంచి దించాలి. దించాక నిమ్మకాయ పిండాలి. అంతే.

సమస్య: రంగు బాగా వచ్చింది, పొగ వాసన మాత్రం లేదు

మనవాళ్ల ఇళ్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. కారణం దాదాపు ఎప్పుడూ పొడి దగ్గరే ఉంటుంది. పాప్రికా అని రాసున్న డబ్బాల్లో అన్నీ పొగబెట్టినవి కావు. మామూలు పాప్రికా అంటే ఎర్రటి, కారం లేని మిరప పొడి. మన కాశ్మీరీ కారం లాగే రంగిస్తుంది, పొగ ఇవ్వదు. డబ్బా మీద స్మోక్డ్ అని ఉందో లేదో చూసుకోండి. ఈ రకంలో పేరున్నది స్పెయిన్‌లోని లా వెరా ప్రాంతానిది. అక్కడ కోత సమయానికి వానలు పడతాయి, మిరపకాయ ఎండలో ఎండదు. అందుకని ఓక్ కట్టెల పొగ మీద దాదాపు రెండు వారాలు ఆరబెడతారు.

రెండో పొగ చిపోట్లేది. ఆ మాట వింటే మనవాళ్లకి ఆ పేరుతో అమెరికాలో ఉన్న బరీటో బౌల్ కొట్టు గుర్తొస్తుంది గానీ పేరు మిరపకాయది. మెక్సికోలోని నావాట్ల్ భాషలో చీల్లి అంటే మిరప, పోక్త్లి అంటే పొగ. బాగా పండి ఎర్రబడ్డ హలపీన్యో అనే మెక్సికన్ మిరపకాయని కట్టెల పొగలో ఎండబెడితే చిపోట్లే. గుంటూరు మిరపకాయ తోలు పల్చన, కళ్లంలో పరిస్తే ఎండకే గలగలలాడుతుంది. హలపీన్యోకి కండ ఎక్కువ, ఎండలో పెడితే ఎండేలోపే కుళ్లుతుంది. పొగబెట్టడం రుచి కోసం పుట్టిన పని కాదు, కాయ నిలవ ఉండటానికి పుట్టింది. టమాటా, వెనిగర్, వెల్లుల్లి కలిపిన అడోబో సాస్‌లో ఊరబెట్టి చిన్న డబ్బాల్లో అమ్ముతారు. ఏ మెక్సికన్ కొట్లోనైనా దొరుకుతుంది. ఒకసారికి రెండు కాయలు చాలు. మిగిలినవి ఐస్ ట్రేలో గుంటకో కాయ, చెంచాడు సాస్ చొప్పున గడ్డకట్టిస్తే నెలల తరబడి పనికొస్తాయి.

పొడి సరైనదే అయినా వాసన రాలేదంటే, టమాటాలో కలిపేసి ఉంటారు. ఆ వాసనలు నూనెలో బాగా విడతాయి. తాలింపులో ఇంగువ ముందు నూనెలో పడినట్టే, పాప్రికా కూడా ఉల్లిపాయ వేగాక, టమాటాకి ముందు, సన్నటి సెగ మీద అర నిమిషం నూనెలో మెదలాలి. ఏడాది దాటిన డబ్బా అయితే వాసన చూడండి. ముక్కుకి తెలియనిది నోటికీ తెలియదు.

చిపోట్లే అసలు దొరకని చోట, హైదరాబాదీ వంటల్లో లాగా ఎర్రగా కాలిన బొగ్గు ముక్కని చిన్న గిన్నెలో పెట్టి, కోడి మధ్యలో ఉంచి, బొగ్గు మీద నూనె చుక్క వేసి మూత పెట్టొచ్చు. ఐదు నిమిషాల్లో పొగ పడుతుంది. అపార్ట్‌మెంట్ వంటింట్లో మాత్రం వద్దు. నేను చేశాను. స్మోక్ అలారం మోగి మా అంతస్తు వాళ్లందరూ వరండాలోకొచ్చారు, పైగా బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్ కిటికీలు మూసిన ఇంట్లో ప్రమాదం. పెరట్లో అయితే చెయ్యండి.

సమస్య: పొగ కాదు, మాడు. నాలిక మీద చేదు నిలిచిపోతోంది

తీపి ముందే పడింది. కోడికి తేనె, పాప్రికా కలిపి పట్టించి నేరుగా పెనం మీద వేస్తే జరిగేది ఇది. వేడెక్కిన ఇనప పెనం 200 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది. పంచదార 160 ప్రాంతంలో రంగు మారడం మొదలుపెడుతుంది. తేనెలో ఉండే ఫ్రక్టోజ్ 110 దగ్గరే మొదలుపెడుతుంది. కోడి లోపల ఉడికేలోపే పైన తేనె బొగ్గవుతుంది. ఎర్ర మిరప పొడి సంగతి మీకు చెప్పక్కర్లేదు, తాలింపులో కారం ఒక్క క్షణం ఎక్కువుంటే ఇల్లంతా దగ్గే.

కాబట్టి కోడి మీద ఉప్పూ జీలకర్రా తప్ప ఇంకేమీ వద్దు. తీపి చివరి రెండు నిమిషాల్లో, సాస్ తడిగా ఉండగా వేయండి. నీళ్లున్నంతసేపు వేడి వందకి అటూఇటూగా ఉంటుంది, మాడదు. తేనె కంటే నాకు బెల్లమే ఇష్టం. ఇది మన తెలివితేట కూడా కాదు. మెక్సికోలో పిలోన్సీయో అనే చెరకు బెల్లం వాళ్ల వంటల్లో ఉంది, చిన్న శంకువుల్లా దిమ్మెలు కట్టి అమ్ముతారు. అది దొరికితే అది, లేకపోతే అనకాపల్లి బెల్లం.

ఇప్పటికే మాడిందా? అడుగు గోకకండి. పైదాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి తీసి, టమాటాతో కొత్త సాస్ చెయ్యండి. చేదుని బెల్లంతో కప్పబోతే తియ్యటి చేదు వస్తుంది, అది ఇంకా ఘోరం. కోడి కాల్చాక పెనం అడుగున గోధుమరంగు పొర ఉంటే అదే రుచి, దాని మీదే ఉల్లిపాయ వేసుకోండి. నల్లగా ఉంటే మాత్రం పెనం కడిగేయండి.

సమస్య: కోడి కాలలేదు, తెల్లగా ఉడికిపోయింది

పెనం నిండా ముక్కలు పరిచారు, లేదా ముక్కలు తడిగా ఉన్నాయి. కడిగిన కోడిని నీళ్లోడుతూ పెనంలో వేస్తే ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా ముక్క రంగెక్కదు. పేపర్ టవల్‌తో గట్టిగా అద్దండి. రెండు విడతల్లో కాల్చండి, ముక్కల మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. వేశాక కదపొద్దు. మనకి గరిటె పట్టుకుంటే కలపకుండా ఉండలేని అలవాటు. 5 నిమిషాలు ఇంకో పని చూసుకోండి, కాలిన ముక్క పెనాన్ని తనంతట తనే వదులుతుంది.

సమస్య: పీచుపీచుగా, మింగుడు పడకుండా ఉంది

చికెన్ బ్రెస్ట్ వాడారు. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్, అంటే 165 ఫారన్‌హీట్, చేరగానే కోడి తినడానికి సిద్ధం. అది దాటితే బ్రెస్ట్ ఎండిపోతుంది. తొడ ముక్కలో కొవ్వూ, కరిగి జిగురుగా మారే బంధక కణజాలమూ ఉంటాయి కనక 80 దాటినా మెత్తగానే ఉంటుంది. ఒంటి చేత్తో పిల్లల హోంవర్క్ చూస్తూ వండేవాళ్లకి తొడ ముక్కే శ్రేయస్కరం. బ్రెస్టే ఉంటే అడ్డంగా చీల్చి పల్చన చేసి, కాల్చే సమయం సగానికి తగ్గించండి.

సమస్య: బాగుంది, కానీ ఇది మన కోడి వేపుడే

నేను మొదటి మూడుసార్లు చేసింది ఇదే. చెయ్యి దానంతటదే పసుపు డబ్బా మీదికి వెళ్తుంది. అల్లంవెల్లుల్లి ముద్ద, గరం మసాలా పడ్డాక చిపోట్లే పొగ అడ్రసు ఉండదు. అల్లం, లవంగం, యాలక్కాయ గట్టి వాసనలు, పొగని మింగేస్తాయి. మన వంటకీ వాళ్ల వంటకీ ఉమ్మడిగా ఉన్నవి జీలకర్ర, వెల్లుల్లి, కొత్తిమీర, నిమ్మ. వాటితో ఆగండి. నూనె తేలేదాకా వేయించే అలవాటు కూడా మానుకోవాలి. మెక్సికోలోని పుయెబ్లా వాళ్ల తింగా ఇదే కుటుంబానికి చెందిన వంట, టమాటా, చిపోట్లే, ఉల్లిపాయ, చీరిన కోడి. అందులో టమాటా తాజా పులుపు ఇంకా తెలుస్తూ ఉండాలి.

సమస్య: మరీ తీపి, లేదా మరీ కారం

తీపి ఎక్కువైతే ముందు ఉప్పు చూడండి, చాలాసార్లు తగ్గింది అదే. తర్వాత నిమ్మరసం. కారం ఎక్కువైతే నీళ్లు పొయ్యొద్దు, మిరప ఘాటు నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పైన అవకాడో, పుల్లటి క్రీమ్ లేదా చిక్కటి పెరుగు వేసుకోండి. పిల్లలకైతే మొదట్నుంచీ ఒక్క కాయే వేసి, పొగ కోసం పాప్రికా అర చెంచా పెంచండి.

సమస్య: టోర్టియా మడిస్తే చిరుగుతోంది

గోధుమ పిండిలో ఉండే జిగురు మొక్కజొన్నలో లేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన టోర్టియా, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టిన అన్నం గింజ గట్టిపడ్డట్టే, బిగుసుకుని ఉంటుంది. వేడి చేస్తే రెండూ మెత్తబడతాయి. పొడి పెనం బాగా వేడెక్కాక ఒక్కొక్కటి ఒకవైపు అర నిమిషం, రెండోవైపు అర నిమిషం కాల్చి, వెంటనే దళసరి గుడ్డలో ఒకదాని మీద ఒకటి పేర్చి మూసెయ్యండి. ఆ గుడ్డలో ఆవిరికి 5 నిమిషాలు మగ్గడమే అసలు రహస్యం. కొట్లో కొన్నవి మరీ ఎండుగా ఉంటే పెనం మీద వేసేముందు తడి చేత్తో తుడవండి. మెక్సికోలో వీధి బళ్ల దగ్గర చాలాచోట్ల రెండేసి టోర్టియాలు కలిపి ఇస్తారు, ఒకటి చిరిగినా ఇంకొకటి కాస్తుంది.

ఇంట్లో చేసుకునేవాళ్లకి వేరే చిక్కులు. కావలసింది మాసా హరీనా. అలా రాసినా హకారం పలకరు. మొక్కజొన్నని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి, రుబ్బి ఆరబెట్టిన పిండి అది. సున్నం గింజ పైపొరని కరిగిస్తుంది కనకే పిండి ముద్దగా అంటుకుంటుంది. మన మక్కపిండికి ఆ గుణం ఉండదు. ఇండియాలో కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికే తెల్ల పొడి అయితే పిండే కాదు, ఉత్త గంజి పొడి. రెండు కప్పుల మాసా హరీనాకి ఒకటిన్నర కప్పుల గోరువెచ్చని నీళ్లు పోసి కలిపి, తడిగుడ్డ కప్పి 15 నిమిషాలు ఉంచండి. ప్లాస్టిక్ కాగితాల మధ్య పెట్టి వత్తినప్పుడు అంచులు పగిలితే నీళ్లు తక్కువ, కాగితానికి అంటుకుంటే ఎక్కువ.

మా అత్తగారిది కర్నూలు వైపు. టోర్టియాలు వత్తే ప్రెస్ చూసి నవ్వి, పిండి చేతిలోకి తీసుకుని అరచేతి మడమతో జొన్నపిండిని మెదిపినట్టు మెదిపి, పీట మీద తట్టేశారు. కాస్త మందంగా వచ్చాయి, ఒక్కటీ చిరగలేదు. జొన్నరొట్టె వచ్చినవాళ్లకి ఈ సమస్య లేదు.

సమస్య: రెండో కొరుకుకే కింద నుంచి కారి, చేతిలో ముద్దయింది

సాస్ దగ్గరపడలేదు. పెనం అడుగున గరిటెతో గీత గీస్తే అది ఒక క్షణం నిలిచి ఉండాలి, అప్పటిదాకా మూత తీసే ఉంచండి. టమాటాలో గింజలూ నీళ్లూ పిండేస్తే ఇంకా త్వరగా అవుతుంది. టాకోలు ముందే నింపి పళ్లేల్లో సర్దకండి, ఎవరివి వాళ్లు బల్ల దగ్గర నింపుకోవాలి. దోశ వేసింది వేసినట్టు తింటేనే దోశ, ఇదీ అంతే.

సమస్య: పైనాపిల్‌లో ఊరబెడితే కోడి పిండిలా అయిపోయింది

పచ్చి పైనాపిల్‌లో మాంసకృత్తుల్ని తెంపే బ్రొమిలైన్ అనే ఎంజైమ్ ఉంది. డబ్బా పైనాపిల్‌ని వేడిచేసే నింపుతారు కనక అందులో అది పనిచెయ్యదు. తాజాదే కావాలంటే విడిగా పెనం మీద కాల్చి పైన వేసుకోండి.

సమస్య: కోడి ఇంకా ఫ్రీజర్‌లోనే ఉంది, టైం ఆరున్నర

వేడినీళ్లు పొయ్యొద్దు, పైభాగం సూక్ష్మజీవులకి అనువైన వెచ్చదనంలోకి పోయి లోపల రాయిలాగే ఉంటుంది. నీళ్లు చొరని కవర్లో కట్టి చల్లటి నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చండి. అర కిలో పొట్లం గంటలోపు కరుగుతుంది. ఈలోగా ఉల్లిపాయ చీలికల్ని నిమ్మరసం, ఉప్పులో ఊరబెట్టుకోండి.

మిగిలిన కోడి ఫ్రిజ్‌లో మూడు రోజులుంటుంది. మళ్లీ వేడిచేసేటప్పుడు రెండు చెంచాల నీళ్లు చల్లండి, బెల్లం ఉంది కనక పొడి పెనం మీద అడుగంటుతుంది. మా ఇంట్లో కోడి ఎప్పుడూ మిగల్లేదు, మిగిలేవి టోర్టియాలు. ఎండిపోయినవాటిని అత్తగారు నాలుగేసి ముక్కలుగా కోసి నూనెలో వేయించి డబ్బాలో పోస్తారు. శనివారం పప్పుచారులోకి అప్పడాల బదులు అవే.