దాళ్వా వడ్లు రాకముందే: కన్వేయర్ రోలర్ల జాగ్రత్తలు

కోతలు మొదలయ్యాక మిల్లులో వడ్లు మోసే కన్వేయర్ బెల్టు ఆపడం కుదరదు. దాని కింద తిరిగే రోలర్లు మార్చాలనుకుంటే ఆర్డరుకు ముందే ఇవి చూసుకోండి.

• ముందు సీలు (బేరింగులోకి దుమ్ము పోకుండా ఆపే మూత), తర్వాతే ధర. ఊక దుమ్ము బేరింగులోకి దూరితే రోలర్ బిగుసుకుపోతుంది. తిరగని రోలర్‌ను బెల్టు రాస్తూ ఉంటే దాని గొట్టం అరిగి అంచు కత్తిలా తేలుతుంది, బెల్టు చీరుతుంది. రోలర్ ఖర్చెంత, బెల్టు ఖర్చెంత! ఆ రాపిడి వేడికి ఊక అంటుకునే ప్రమాదం కూడా ఉంది. చేత్తో తిప్పి చూడండి, గరగరమంటే వద్దు.

• మూడు రోలర్ల సెట్‌లో మధ్యది అడ్డంగా, పక్కవి రెండూ ఏటవాలుగా ఉంటాయి. బెల్టు ఖాళీగా ఉన్నప్పుడు కూడా మధ్య రోలర్‌ను తాకాలి. మందపు బెల్టుకు పక్క రోలర్లు 45 డిగ్రీల వాలుతో ఉండే సెట్ వేస్తే సరిగా కూర్చోక పక్కకు జరుగుతుంది.

• ఈ సెట్‌లో ఎక్కువ భారం మధ్య రోలర్ మీదే. బేరింగు దాని లెక్కన ఎంచుకోండి.

• కాకినాడ రేవు వైపు ఉప్పుగాలికి మామూలు రంగు ఆగదు, గాల్వనైజ్డ్ (జింకు పూత వేసినవి) అడగండి. బొగ్గు మోసే బెల్టుకు ప్లాస్టిక్ రోలర్లయితే మంటను తట్టుకునే, స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) పేరుకోని రకమే తీసుకోవాలి.

• బొగ్గు గడ్డలు పడేచోట రబ్బరు రింగుల ఇంపాక్ట్ రోలర్లు తప్పనిసరి. వడ్లకు అంత హంగు అనవసరం.

• పాత రోలర్ ఒకటి కొట్టుకు పట్టుకెళ్లండి. షాఫ్టు చివరి గాడి తేడా వస్తే బ్రాకెట్‌లో దిగదు.