4ఎస్ ముందు నిండుతుంది, ముందు ఖాళీ అయ్యేదీ అదే

ఇంటర్ పిల్లలకు ఎలక్ట్రాన్ విన్యాసం దగ్గర టెన్షన్ పెట్టేది 4ఎస్, 3డి అనే ఉపకర్పరాల్లో (ఎలక్ట్రాన్లు ఉండే అరల్లో) ఏది ముందన్న గొడవే. నింపే వరుస చూపే బాణాల పటం గుర్తు రాకపోతే ఎన్ (కర్పరం సంఖ్య, 4ఎస్‌లోని 4), ఎల్ (ఉపకర్పరం రకాన్ని చెప్పే సంఖ్య) విలువలు కూడండి. ఎల్ విలువ ఎస్‌కు 0, పికి 1, డికి 2, ఎఫ్‌కు 3. అంటే 4ఎస్‌కు 4+0=4, 3డికి 3+2=5. తక్కువ వచ్చింది ముందు నిండుతుంది. అందుకే పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ 4ఎస్‌లోకి వెళ్తుంది. 3డి, 4పి లాగా మొత్తం సమానమైతే ఎన్ తక్కువున్నది ముందు.

ఇంతవరకు చాలామందికి వచ్చు. అసలు తికమక అయాన్ల (ఇక్కడ, ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న పరమాణువుల) దగ్గరే. ఇనుము పరమాణు సంఖ్య 26: ఆర్గాన్ వరకు 18, తర్వాత 3డిలో 6, 4ఎస్‌లో 2. ఫెర్రస్ అయాన్ (రెండు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము) అనగానే చివరగా నిండిన 3డి నుంచి రెండు తీసేస్తారు. తప్పు. ఎలక్ట్రాన్లు పోయేది బయటి కర్పరం నుంచి, అంటే 4ఎస్ నుంచి. కాబట్టి ఫెర్రస్‌లో 3డి6 (3డిలో 6 ఎలక్ట్రాన్లు), మూడు ఎలక్ట్రాన్లు పోయిన ఫెర్రిక్‌లో 3డి5 మిగులుతాయి.

దీనికి నేను చెప్పే ఉపాయం: నింపడం అయ్యాక 3డిని ముందు, 4ఎస్‌ను చివర రాసుకోండి. అయాన్ అడిగితే కుడివైపు నుంచి కొట్టేసుకుంటూ రండి, అంతే.

క్రోమియం (3డి5 4ఎస్1), రాగి (3డి10 4ఎస్1) మాత్రం ఈ లెక్కకు లొంగవు, బట్టీ పట్టడమే. రాశాక ఎలక్ట్రాన్లన్నీ ఒకసారి కూడండి: ఫెర్రిక్‌కు 18+5, మొత్తం 23 రావాలి.